మీ వీధి మురుగు కాలువను కౌన్సిల్ తీర్మానం దాకా తీసుకువెళ్లడం ఎలా

నేను ముప్పై నాలుగేళ్లు తపాలా శాఖలో పనిచేసి సబ్ పోస్ట్‌మాస్టర్‌గా పదవీ విరమణ చేశాను. మాది కోస్తాలో ఒక చిన్న పట్టణం. గట్టి వాన పడితే మా వీధి మురుగు కాలువ పొంగి ఇళ్లలోకి వచ్చేది. ఆ బాధ తీరడానికి మాకు నాలుగేళ్లు పట్టింది. అందులో మొదటి రెండేళ్లు అడగవలసినది కాకుండా వేరొకటి అడుగుతూ గడిపాం. మీకు ఆ రెండేళ్లు కలిసిరావాలనే ఇది రాస్తున్నాను.

మా మొదటి అర్జీలో ఉన్నది ఒకటే వాక్యం: "మా వీధికి సిమెంటు రోడ్డు, డ్రైను వేయించవలసిందిగా కోరుతున్నాము." నలభై మూడు సంతకాలు పెట్టాం. అడిగినట్టే రోడ్డు, డ్రైను వచ్చాయి. పాత రోడ్డును తవ్వకుండా దాని మీదే జానెడు మందాన కొత్తది పోశారు. దాంతో మా గడపలు రోడ్డు కన్నా పల్లమయ్యాయి. అంతకుముందు వాకిట్లో ఆగే నీళ్లు ఆ ఏడాది కార్తీక మాసం వానలకు వంటింట్లోకి వచ్చాయి. మేము కోరింది సిమెంటు, మాకు అక్కరకొచ్చేది నీటికి దారి. ఈ రెండింటి తేడా తెలియకుండా కార్యాలయం మెట్లు ఎక్కకండి.

ముందు నీటి వెంట నడవండి

వాన పడుతున్నప్పుడే గొడుగు పట్టుకుని వీధి మొదటి నుంచి నీళ్లు పోయే చోటి దాకా నడవండి. నీరు ఎక్కడ వేగంగా పోతోంది, ఎక్కడ నిలుస్తోంది, ఎక్కడ వెనక్కి తంతోంది అన్నది వానలో కనిపించినట్టు ఎండలో కనిపించదు. మా కాలువ నాలుగు వీధుల నీటిని మోసుకుని మార్కెట్ రోడ్డు కింద ఉన్న ఒక తూములోకి వెళుతుంది, అక్కడి నుంచి పెద్ద డ్రైనులో కలుస్తుంది. ఆ తూము గొట్టం ఇరుకు. సగం పూడిపోయింది. పైగా దాని నోటికి అడ్డంగా తాగునీటి పైపు ఒకటి పోతోంది. ప్లాస్టిక్ సంచులన్నీ ఆ పైపుకే చుట్టుకుంటున్నాయి. మా ఇళ్లు మునగడానికి కారణం మా వీధికి నాలుగు వందల అడుగుల అవతల ఉంది. అన్నేళ్లూ మేము మా గుమ్మం ముందు చూస్తూ నిలబడ్డాం.

తరువాత కొలతలు. ఐదు ఇళ్ల గోడల మీద నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో సుద్దముక్కతో గీత గీసి, టైలరు టేపుతో కొలిచి, తేదీ, వాన మొదలైన సమయం, నీరు దిగిపోయిన సమయం ఒక నోటుబుక్కులో రాశాను. కనీసం మూడు వానలు అలా రాయండి. టేపు కనిపించేలా ఫొటో తీయండి. "మోకాలి లోతు" అని చెబితే అది మాట కిందకే వస్తుంది. "అక్టోబరు 19, రాత్రి 9 గంటలు, గడప మీద 11 అంగుళాలు, దిగడానికి 7 గంటలు" అని రాస్తే ఇంజనీరు గారు కూడా తన డైరీలో ఎక్కించుకుంటారు.

ఇంకొక కొలత తాపీ మేస్త్రి చేత తీయించాలి. పునాదులు వేసేటప్పుడు వాళ్లు పారదర్శకమైన సన్న గొట్టంలో నీళ్లు నింపి రెండు చివరలా మట్టం చూస్తారు. మా వీధిలో ఉండే మేస్త్రి ఒక ఆదివారం పొద్దున కూలి తీసుకోకుండా ఆ పని చేసిపెట్టాడు. కొత్త డ్రైను అడుగు మధ్యలో కన్నా చివర నాలుగు అంగుళాలు ఎత్తుగా ఉందని తేలింది. చిన్న పట్టణాల్లో ఇలా తరచుగా జరుగుతుంది. ఒక ముక్క ఒక ఏడాది ఒక గుత్తేదారు కడతారు, పక్క ముక్క రెండేళ్ల తరువాత మరొకరు కడతారు. మొత్తం కాలువకు ఒకే మట్టం పట్టి చూసేవారు ఉండరు.

పల్లంలో ఉన్న వీధి వారితో మాట్లాడండి

అన్నిటికన్నా కష్టమైనది ఇదే, అందుకే చాలామంది దీన్ని వదిలేస్తారు. మాకు దిగువన ఉన్నది నేతగాళ్ల వీధి. మా కాలువ వాళ్ల వీధి పక్క నుంచే తూముకు చేరుతుంది. వాన పడితే వాళ్లు కాలువకు అడ్డంగా ఇసుక బస్తాలు వేసేవారు. మా వైపు కుర్రాళ్లు రాత్రిపూట వెళ్లి వాటిని లాగేసేవారు. రెండుసార్లు చేతులు కలబడ్డాయి కూడా. కౌన్సిలర్లు ఇద్దరు, వార్డులు రెండు, పార్టీలు రెండు. ఇలాంటి గొడవ ఉన్నచోట ఏ అధికారీ ఫైలు కదపరు. ఒక వీధికి మేలు చేస్తే రెండో వీధి ధర్నాకు కూర్చుంటుందని వారి భయం.

నేను నోటుబుక్కు పట్టుకుని, ఇరుగుపొరుగు ఆడవాళ్లను ఇద్దరిని వెంటబెట్టుకుని ఒక సాయంత్రం ఆ వీధికి వెళ్లాను. ఒక అబ్బాయి గట్టిగానే అడిగాడు: "మీ మురుగు మా ఇళ్లలోకి తోలడానికి సంతకాలు కావాలా పిన్నిగారూ?" నేను జవాబు చెప్పకుండా మా గోడల కొలతలు చదివి వినిపించి, మీ దగ్గర ఎంత వచ్చింది నాయనా అని అడిగాను. అతని తల్లి నన్ను లోపలికి తీసుకువెళ్లి మగ్గం గుంట చూపించింది. గుంట మగ్గం ఎరుగని వారికి చెబుతున్నాను: నేతగాడు నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి కూర్చుని నేస్తాడు, తొక్కుడు పలకలు ఆ గుంటలోనే ఉంటాయి. అందులోకి మురుగు దిగితే తోడి పారబోసినంత మాత్రాన సరిపోదు. గుంట గోడలు ఆరాలి, చెమ్మకు పడుగు పాడవుతుంది. ఆ ఏడాది ఆ ఇంట్లో పందొమ్మిది రోజులు మగ్గం ఆగింది. మా ఇంట్లో నీళ్లు వచ్చినప్పుడు నా బియ్యం డబ్బా తడిసింది, అక్కడ ఒక కుటుంబం కూలి మొత్తం పోయింది. నాకు ఆ రోజు కళ్లనీళ్లు ఆగలేదు. అన్నేళ్లూ అదే ఊళ్లో ఉంటూ, ఆ వీధికి వచ్చే ఉత్తరాలను సార్టింగ్ చేసి పంపుతూ, ఆ గుంట సంగతి నాకు తెలియదు.

తరువాత వారం రామాలయం మండపంలో రెండు వీధుల వారం కూర్చున్నాం. అక్కడ చేసుకున్న ఒప్పందం చిన్నది: తూము పెద్దది అయ్యేదాకా మా వీధిలో కొత్త కాలువ పని అడగం, వారు ఇసుక బస్తాలు వేయరు. దాన్ని రెండు కాగితాల మీద రాసి అందరం సంతకాలు పెట్టాం. మీరు కూడా ఇలాంటిదే రాయించుకోండి. అర్జీకి ఆ కాగితం నకలు జతచేస్తే రెండు వీధులకూ తగాదా లేదని అధికారికి తెలుస్తుంది.

ఆ మండపంలోనే ఇంకొకరి సంగతి వచ్చింది. తూము మీద ఒకామె ఇడ్లీ బండి పెట్టుకుని బతుకుతోంది. పక్కనే ఒక చెప్పులు కుట్టే పెద్దాయన, ఒక పూల బుట్ట. తూము తవ్వితే ముందు వాళ్లే లేవాలి. "మీ ఇళ్లు ఆరడానికి నా పొయ్యి ఆరిపోవాలా అమ్మా" అని ఆమె అడిగిన మాట న్యాయమైనది. వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. వ్యాపార ధ్రువపత్రం ఉన్నవారిని ఆ చోటి నుంచి కదిలించాలంటే ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదని కూడా ఆ చట్టం చెబుతుంది. వీధి వ్యాపారుల సంగతి చూసే పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం నలభై శాతం సభ్యులు వ్యాపారుల నుంచే ఎన్నిక కావాలి. మేము అర్జీలోనే ఒక వాక్యం చేర్చాం: పని జరిగినన్నాళ్లు ఆ ముగ్గురికీ మార్కెట్ గోడ వెంట చోటు చూపించాలి, పని అయ్యాక పాత చోటికి రానివ్వాలి. మీ పనికి అడ్డం ఉన్నవారి సంగతి మీరే ముందు రాయండి. వారి పొట్ట కొట్టి వేయించుకున్న తూము నాకు అక్కరలేదు.

అర్జీ, రసీదు, పన్ను

అర్జీ ఒక పేజీ దాటకూడదు. ఏమి జరుగుతోంది, ఎక్కడ జరుగుతోంది, కారణం ఏమని మీరు గుర్తించారు, ఏ పని కావాలి, ఈ నాలుగే ఉండాలి. కొలతల పట్టిక, ఫొటోలు, ఒప్పందం వెనక జతచేయండి. సంతకం పక్కన పేరుతో పాటు ఇంటి నంబరు, ఆస్తిపన్ను అసెస్‌మెంట్ నంబరు రాయించండి. అద్దెకు ఉన్నవారు ఇంటి నంబరు రాస్తే చాలు.

పన్ను సంగతి ఎత్తినప్పుడు కొందరు "కాలువ బాగుచేసేదాకా పన్ను కట్టం" అన్నారు. చీరాల, పేరాల పేర్లు కూడా తెచ్చారు. అక్కడ 1919లో మునిసిపాలిటీ పెట్టాక, ఏటా నాలుగు వేల రూపాయలుగా ఉన్న పన్ను నలభై వేలకు చేరింది. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి నాయకత్వంలో జనం ఇళ్లు ఖాళీ చేసి, ఊరి బయట రామ్‌నగర్ పేరుతో పాకలు వేసుకుని పదకొండు నెలలు ఉన్నారు. ఆ త్యాగానికి నేను చేతులెత్తి మొక్కుతాను. కానీ వాళ్లు తమకు అక్కరలేని మునిసిపాలిటీని వద్దన్నారు. మనం మన మునిసిపాలిటీ చేత పని చేయించుకోవాలని చూస్తున్నాం. బకాయి ఉన్న ఇంటి అర్జీని పక్కన పెట్టడానికి ఒక సాకు దొరుకుతుంది, అది ఇవ్వకండి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు ఒక అర్ధ సంవత్సరం, అక్టోబరు నుంచి మార్చి వరకు మరొకటి. ఆ రసీదులు దాచుకుని, ఆ డబ్బు ఎక్కడ ఖర్చయిందో అడగండి.

మా మొదటి అర్జీ ఎవరి చేతికి ఇచ్చామో వారు బదిలీ అయ్యాక దాని ఆచూకీ లేదు. అందుకని ఇది నా జీవితాంతపు వృత్తి నుంచి చెబుతున్నాను: అందినట్టు గుర్తు లేని కాగితం ఇవ్వనట్టే లెక్క. రెండు ప్రతులు తీసుకువెళ్లి, ఒకదాని మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ ముద్ర, సంతకం వేయించుకోండి. వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపండి. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు కనుక కౌంటరులో రిజిస్టరు పోస్టు అని వెతకవద్దు. అందజేసినట్టు రుజువు కావాలని అడిగి తీసుకోండి.

ఫిర్యాదు వేరు, నిర్ణయం వేరు

ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2 నుంచి వార్డు సచివాలయాలు ఉన్నాయి. సోమవారాల్లో అర్జీలు తీసుకునే ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంది. తెలంగాణలో సోమవారం ప్రజావాణి. ఇవి మంచివే. పూడిక తీయడం, వీధి దీపం, చెత్త ఎత్తకపోవడం, కుళాయి లీకు, ఇలా ఉన్న సిబ్బందితో అయ్యే పనులు అక్కడ అవుతాయి. మేము కూడా తూము పూడిక గురించి సచివాలయంలో చెప్పాం, నాలుగు రోజుల్లో తీశారు. వెంటనే ఫోనుకు "మీ సమస్య పరిష్కరించబడినది" అని సందేశం వచ్చింది. తూము మాత్రం అంతే ఇరుకుగా ఉంది. కొత్తగా డబ్బు ఖర్చు పెట్టవలసిన ఏ పనికైనా అంచనా, నిధి, తీర్మానం కావాలి. అది ఫిర్యాదు నంబరుతో రాదు. రెండింటినీ కలిపి ఒకే కాగితంలో రాస్తే చిన్నది తీర్చి పెద్దదాన్ని కూడా మూసేస్తారు. విడివిడిగా ఇవ్వండి.

కౌన్సిల్ సమావేశంలోనే అంతా నిర్ణయమవుతుందని అనుకునేవారికి ఒక మాట. నిర్ణయంలో ముప్పాతిక భాగం ఇంజనీరింగ్ విభాగంలో అంచనా తయారయ్యే రోజే అయిపోతుంది. గొట్టం ఎంత వెడల్పు, మట్టం ఎక్కడి నుంచి ఎక్కడికి, తాగునీటి పైపును జరపడం అందులో కలిసిందా లేదా, ఇవన్నీ ఆ కాగితంలో స్థిరపడతాయి. కౌన్సిల్ దానికి అవును అనో కాదు అనో అంటుంది, అంతే. కనుక ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారు స్థల పరిశీలనకు వచ్చే రోజు తెలుసుకుని మీరు అక్కడ ఉండండి. మేము నోటుబుక్కుతో, మేస్త్రితో, నేతగాళ్ల వీధి అబ్బాయితో నిలబడ్డాం. ఏఈ గారు చిన్న వయసు అమ్మాయి. కొలతలన్నీ ఓపికగా చూసి, తానే మళ్లీ మట్టం తీయించి, "పైపు జరపకుండా తూము వేస్తే మళ్లీ ఇదే కథ అమ్మగారూ" అని అంచనాలో దాన్ని చేర్చింది. ఆ ఒక్క చేర్పే మా వీధిని కాపాడింది.

డబ్బు ఏ పద్దు నుంచి వస్తుందో కూడా అడగండి. మునిసిపాలిటీ సాధారణ నిధులు ఒకటి. ఆర్థిక సంఘం నిధులు మరొకటి. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం మనలాంటి చిన్న పట్టణాలకు ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే ఖర్చు చేయాలన్నారు, 40 శాతం ఇతర అవసరాలకు వాడుకోనిచ్చారు. "నిధులు లేవు" అన్న జవాబు వచ్చినప్పుడు "ఏ పద్దులో లేవండీ" అని మర్యాదగా అడిగితే సంభాషణ మారుతుంది. కాలం కూడా ముఖ్యం. ఏప్రిల్‌లో మొదలయ్యే బడ్జెట్ ముసాయిదా అంతకుముందు చలికాలంలోనే కూర్చుతారు. నవంబరు, డిసెంబరులో, గోడ మీద నీటి మరకలు ఇంకా తడిగా ఉండగానే, అర్జీ వేయండి.

కౌన్సిల్ రోజు

అజెండా కౌన్సిలర్లకు ముందుగా పంపుతారు. మీ కౌన్సిలరు గారిని అడిగి మీ అంశం ఎన్నో నంబరో చూసుకోండి. "కౌన్సిల్ వారి ఆమోదం నిమిత్తం" అని ముగిసే ఆ పేరా మొత్తం చదవండి. మొదటిసారి మా అంశంలో "తూము మరమ్మతు" అని ఉంది. మరమ్మతు అంటే అదే గొట్టం ఉంచి అంచులు పూయడం. ముందు రోజే పట్టుకున్నాం కాబట్టి "పాత తూము తొలగించి కొత్త తూము నిర్మాణం" అని మారింది. కాకపోతే మార్చిన కాగితాన్ని ఆఖరి నిమిషంలో టేబుల్ అజెండాగా పెట్టారు. చదవడానికి సమయం ఇవ్వలేదని కొందరు సభ్యులు అభ్యంతరం చెబితే వాయిదా పడింది. ఆ అభ్యంతరం సరైనదే. ఆ రోజు ఇంటికి వచ్చాక అన్నం సహించలేదన్నది కూడా నిజం.

మలి సమావేశానికి మా కౌన్సిలరు గారు, నేతగాళ్ల వార్డు కౌన్సిలరు గారు ఇద్దరూ కలిసి ఒకే మాట మాట్లాడేలా చేశాం. ఇద్దరినీ ఒకేసారి తూము దగ్గరికి పిలిచి, ఇడ్లీ బండి పక్కన నిలబెట్టి, కొలతల పట్టిక చేతిలో పెట్టాం. ఎవరి వల్ల పని అయిందన్న పోటీ రాకుండా కృతజ్ఞతల బ్యానరు రెండు పేర్లతో వేస్తామని ముందే చెప్పాం. నేను వెనుక వరుసలో కూర్చుని విన్నాను. ఫ్లెక్సీల గురించి, కుక్కల గురించి గంటన్నర చర్చ నడిచింది. మా అంశం మీద రెండు నిమిషాలు. "ఆమోదించడమైనది."

తీర్మానం నకలు తీసుకోండి. మీ ఊళ్లో ఎన్నికైన పాలకవర్గం లేకపోయినా ఆగవద్దు. రాజ్యాంగం ప్రకారం కౌన్సిలు గడువు ఐదేళ్లు. ఆ తరువాత ఎన్నికలయ్యేదాకా ప్రత్యేకాధికారి పాలన ఉంటుంది, తెలంగాణలో చాలా మునిసిపాలిటీలు 2025 జనవరి తరువాత అలాగే నడిచాయి. అప్పుడు తీర్మానం మీద సంతకం ఒక్కరిదే, మీ అర్జీ, అంచనా మాత్రం అవే.

పని మొదలయ్యాక

తీర్మానం వచ్చిన ఐదు నెలలకు గానీ టెండరు తేలలేదు. ఈ మధ్యలో రెండు నెలలు ఏ కదలికా లేకపోతే సమాచార హక్కు చట్టం కింద అడిగాను. మునిసిపల్ కార్యాలయంలో 10 రూపాయల రుసుము, కారణం చెప్పనక్కరలేదు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే మరో 30 రోజుల్లో అదే కార్యాలయంలోని పై అధికారికి మొదటి అప్పీలు. "ఎందుకు ఆలస్యం" అని అడగకండి, ఎందుకు అన్నదానికి ఫైలులో కాగితం ఉండదు. "ఫలానా తీర్మానం మీద ఇప్పటివరకు జరిగిన కార్యాచరణ నోట్ ఫైలు నకలు" అని అడగండి.

ఈ చట్టంలోనే చాలామందికి తెలియని ఒక సౌకర్యం ఉంది. సమాచారం అంటే కాగితాలే కాదు, జరుగుతున్న పనిని పరిశీలించడం, సామగ్రి నమూనా తీసుకోవడం కూడా ఆ హక్కులో భాగం. అంచనా నకలు, ఎం-బుక్కు (జరిగిన పనిని కొలిచి రాసే పుస్తకం) నకలు పక్కపక్కన పెట్టి చూడండి. గొట్టం వెడల్పు, కాంక్రీటు మందం, పైపు జరిపిన పొడవు, ఈ మూడూ రెండింట్లో ఒకటే ఉండాలి, నేల మీద కూడా అంతే ఉండాలి. పని జరిగినన్నాళ్లు రెండు వీధుల నుంచి రోజుకొకరు అక్కడ కూర్చున్నారు. తగువుకు కాదు. పనివాళ్లకు మజ్జిగ ఇచ్చారు, కాంక్రీటుకు సరిగా నీళ్లు పడుతున్నారా అని చూశారు. నేతగాళ్ల వీధి పెద్దాయన ఒకరు పొద్దున్నే వచ్చి తడి గోనెపట్టాలు తానే కప్పేవారు.

ఒప్పందంలో లోపాల బాధ్యత ఎంతకాలమో రాసి ఉంటుంది. ఆ తేదీని మీ నోటుబుక్కు అట్ట మీద రాసుకోండి, గడువు లోపల పగుళ్లు వస్తే గుత్తేదారే బాగుచేయాలి. మొదటి పెద్ద వానకు మళ్లీ అవే ఐదు గోడల దగ్గర కొలతలు తీసి, అవే ఫొటోలు తీసి, ఏఈ గారికి పంపండి. మా గోడ మీద ఆ రోజు గీత పడలేదు. మగ్గం గుంట పొడిగా ఉందని ఆ అబ్బాయి రాత్రి పదింటికి ఫోను చేసి చెప్పాడు.

ఇక ఏటా మే నెల రాకముందే తూము పూడిక తీయమని సచివాలయంలో ఫిర్యాదు పెట్టాలి. మేము ఏప్రిల్ మొదటి సోమవారం పెడతాం. ఆ పనికి వచ్చే పారిశుద్ధ్య కార్మికుల చేతికి తొడుగులు, కాళ్లకు బూట్లు ఉన్నాయో లేదో చూడండి, లేకపోతే ఇచ్చేదాకా పని ఆపమని అడగండి. తూములోకి మనిషిని దింపనివ్వకండి. తీసిన పూడికను గట్టు మీద వదిలేస్తే మొదటి వానకే మళ్లీ లోపలికి జారుతుంది. అది ఆరాక ట్రాక్టరులో ఎత్తేదాకా ఫిర్యాదు మూయనివ్వవద్దు.